పప్పులోకి వేపుడా, కాల్చిన కూరా: రాత్రి భోజనానికి ఏది ఎంచుకోవాలి

మా ఇంట్లో రాత్రి భోజనాలు మూడు విడతలుగా జరుగుతాయి. ఏడున్నరకి పిల్లలు తినేస్తారు. ఎనిమిదింటికి అత్తయ్యగారు, మావయ్యగారు కూర్చుంటారు. కొబ్బరి దింపు ఉన్న రోజైతే మా ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. కోనసీమలో చాలా ఇళ్లు ఇంతే. అందుకే పప్పులోకో పులుసులోకో పక్కన ఏం చేయాలా అనుకున్నప్పుడు, ఏ కూర ఎక్కువ రుచి అన్నది నేను తర్వాత చూస్తాను. ఆఖరున కూర్చునేవాళ్ల కంచంలోకి వచ్చేసరికి అది ఎలా ఉంటుంది అన్నదే ముందు చూస్తాను. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే ఏ కాయ కొనాలో, ఏ పొయ్యి మీద చేయాలో సగం తేలిపోతుంది.

ఇది నాకు ఒక పండగ రోజు బాగా తెలిసొచ్చింది. రెండేళ్ల కిందట సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్లు వచ్చారు. మొత్తం పదకొండు మందిమి. కిలోన్నర బెండకాయలు తరిగి ఒకే మూకుట్లో వేశాను. అరగంటైనా ముక్క రంగు తిరగలేదు. జిగురు తీగలు సాగుతోంది. అట్లకాడతో కదిపినకొద్దీ ముక్కలు విరిగి గింజలు విడిపోయాయి. టెన్షన్ పడి మంట పెంచాను. అడుగు మాడింది, పైనంతా మెత్తగా ముద్దయింది. ఆ పూట అందరూ ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తిన్నారు. పండగ పూట ఇంటికొచ్చిన వాళ్లకి వేడివేడిగా ఒక మంచి వేపుడు పెట్టలేకపోయానన్న బాధ చాలా రోజులు ఉండిపోయింది.

జరిగింది ఏమిటంటే, ముక్కలో తడి ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రటి రంగు, ఆ వేగిన కమ్మటి వాసన రావాలంటే ముక్క పైభాగం సుమారు 140 డిగ్రీలు దాటాలి. మూకుడు నిండా ముక్కలు పోస్తే లోపలి ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. కింది ముక్కల ఆవిరిలో పై ముక్కలు ఉడుకుతాయి. మూకుడైనా, పెనమైనా, ఓవెన్ ట్రే అయినా, ఎయిర్ ఫ్రయర్ బుట్టయినా ఇదే సూత్రం. ముక్కలు ఒక్క వరసలో పరచినట్టు ఉండాలి. పట్టకపోతే రెండు వాయిలుగా చేసుకోవాలి.

ఆగే కూరలు, ఆగని కూరలు

బెండకాయ, కాకరకాయ, పల్చగా తరిగిన బంగాళాదుంప వేపుళ్లకి కరకరలాడడమే రుచి. పొయ్యి దించిన ఇరవై నిమిషాల్లో వడ్డించేస్తే అమృతం. ఆ తర్వాత మెత్తబడతాయి. మాది కాలవల మధ్య ఊరు. శ్రావణ భాద్రపదాల్లో గాలిలో చెమ్మకి డబ్బాలో పెట్టిన అప్పడాలు కూడా తెల్లారేసరికి సాగుతాయి. అలాంటి రోజుల్లో మూత పెట్టి దాచిన బెండకాయ వేపుడు తొమ్మిదిన్నర దాకా ఎక్కడ ఆగుతుంది? మూత పెడితే లోపలి ఆవిరి మళ్లీ ముక్కల మీదే కారుతుంది. మూత తీస్తే చల్లారిపోతుంది. కాబట్టి అందరూ ఒకేసారి కూర్చునే ఇల్లయితేనే వీటి జోలికి వెళ్లండి. లేదా ఆదివారం రాత్రికి ఉంచుకోండి.

కంద, చేమదుంప, చిలగడదుంప, కాల్చిన వంకాయ, కాల్చి మెదిపిన అరటికాయ అలా కాదు. వీటి రుచి లోపలి మెత్తదనంలోనూ, కాలిన వాసనలోనూ ఉంటుంది. గంట ఆగినా పోయేదేమీ లేదు. కాల్చిన వంకాయకైతే గంట ఆగడమే మంచిది, ఉప్పూ పులుపూ బాగా పడతాయి. విడతలవారీ భోజనాలున్న ఇంటికి ఇవే సరైన కూరలు.

దొండకాయ మధ్యరకం. బాగా వేయించిన దొండకాయ చల్లారాక కొంచెం ముడుచుకుని సాగుతుంది గానీ రుచి తగ్గదు. పెరుగన్నంలోకి చల్లటి దొండకాయ వేపుడు నాకు వేడిదానికంటే ఇష్టం.

సొరకాయ, బీరకాయ మాత్రం కాల్చడానికి, వేయించడానికి పెట్టుకోకండి. వాటిలో నూటికి తొంభై వంతులకి పైగా నీరే. ఆ నీరు పోయేసరికి కిలో కాయ గుప్పెడవుతుంది. పాలు పోసో, పెసరపప్పు వేసో వండుకోవలసిన కాయలవి.

మూకుడు, ఓవెన్, ఎయిర్ ఫ్రయర్, నిప్పులు

నలుగురున్న ఇంటికి అడుగు మందంగా ఉన్న ఇనప మూకుడుని మించింది లేదు. వేడిని పట్టి ఉంచుతుంది. చల్లటి ముక్కలు పడ్డా ఒక్కసారి చల్లబడిపోదు. అరకిలో కూరకి నాలుగు పెద్ద చెంచాల నూనె పడుతుంది, ఇరవై అయిదు నిమిషాలు పక్కనే నిలబడాలి. దీని లోపం అదే. చెయ్యి ఖాళీ ఉండదు. అన్నం వార్చడం, పులుసు మరిగించడం, చిన్నపిల్లల్ని చూసుకోవడం అన్నీ ఒక్కళ్లే చేస్తున్నప్పుడు వేపుడు మాడేది ఇక్కడే. ఇంకో మాట, చింతపండు పులుపు తగిలే కూర ఇనప మూకుట్లో ఉంచేస్తే నల్లబడుతుంది. వేగగానే గిన్నెలోకి తీసేయాలి.

ఆరుగురు దాటితే నేను ఓటీజీ వైపే, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్ వైపే మొగ్గుతాను. ముప్పై లీటర్ల ఓవెన్‌లో ఒక ట్రేకి ముప్పావు కిలో ముక్కలు ఒక వరసలో పడతాయి. రెండు పెద్ద చెంచాల నూనె చాలు. పది నిమిషాలు ముందు వేడెక్కించి, 200 నుంచి 220 డిగ్రీల మధ్య పెట్టి, సగం టైములో ఒకసారి తిరగేస్తే చాలు. మిగిలిన టైమంతా మనదే. కరెంటు గురించి చాలామంది భయపడతారు గానీ, 1500 వాట్ల ఓవెన్ 40 నిమిషాలు ఆగకుండా తిరిగితే ఒక యూనిట్ అవుతుంది. వేడి అందుకున్నాక అది మధ్యమధ్యలో దానంతటదే ఆగుతుంది కాబట్టి ఆ మాత్రం కూడా కాదు. కాకపోతే ఇది ఆరు ఆంపియర్లకి పైగా లాగుతుంది. వంటింట్లో మిక్సీకి పెట్టే చిన్న ప్లగ్గులో పెట్టకండి. గీజర్‌కి వాడే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఉండాలి. పాత పెంకుటిళ్లలో వైరింగ్ చూపించుకున్నాకే ఓవెన్ కొనండి.

ఎయిర్ ఫ్రయర్ ఇద్దరు ముగ్గురున్న ఇంటికి బాగుంటుంది. నాలుగు లీటర్ల బుట్టలో నిజంగా ఒక వరసలో పట్టేది మూడు వందల గ్రాములు. నూనె ఒక చెంచాతో సరిపోతుంది, పావుగంటలో అయిపోతుంది. బెండకాయకీ, కాకరకాయకీ దీనంత మంచిది ఇంకోటి లేదు, ఎందుకంటే లోపల తిరిగే వేడిగాలి తడిని లాగేస్తుంది. అదే కారణంగా దొండకాయ దీనిలో తోలులా అవుతుంది, కంద ఎండిపోతుంది. ఎనిమిది మందికి మూడు వాయిలు వేసేసరికి మొదటి వాయి చల్లారిపోతుంది. పెద్ద కుటుంబం వాళ్లు దీన్ని నమ్ముకుని కొనకండి. నా సలహా ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మా వీధిలో రెండిళ్లలో కొన్నారు, రెండూ అటక మీదే ఉన్నాయి.

ఇక నిప్పులు. ఇది అందరికీ కుదరదు, కానీ కుదిరినవాళ్లు వదులుకోవద్దు. చలికాలంలో మా పెరట్లో ఇంకా నీళ్ల పొయ్యి వెలిగిస్తాం. ఎండిన కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు వేసి కాగు పెడతాం. స్నానాలయ్యాక పొయ్యిలో మిగిలే నిప్పులు ఒక గంటసేపు ఉంటాయి. అత్తయ్యగారు ఆ నిప్పుల్లోనే వంకాయ పెడతారు.

వంకాయ

ఆవిడ చేసే పద్ధతి చెప్తాను. పెద్ద నల్ల గుండ్రటి వంకాయ తీసుకుంటారు, చేతికి బరువుగా కాక తేలిగ్గా ఉన్నది. బరువైన దానిలో గింజలు ముదిరి ఉంటాయంటారు. కత్తిపీట మీద కిందివైపు ఒక నిలువు గాటు పెట్టి విప్పి చూస్తారు, పుచ్చు ఉందేమోనని. ఆ గాటు వల్ల ఇంకో లాభం ఉంది. గాటు లేకుండా నిప్పుల్లో పెడితే లోపలి ఆవిరికి కాయ పేలుతుంది. కాయ ఒంటికి కాస్త నూనె రాస్తారు. తొడిమ తీయరు, అదే పట్టుకారు. నిప్పుల్ని పక్కలకి ఎగదోసి మధ్యలో కాయ పెట్టి, తొడిమ పట్టుకుని నాలుగు నిమిషాలకొకసారి తిప్పుతారు. ముందు తోలు నిగనిగలాడుతుంది, తర్వాత ముడతలు పడుతుంది, తర్వాత బొబ్బలెక్కి పెళుసుగా విడుస్తుంది. గాట్లోంచి రసం బొట్లు నిప్పు మీద పడి సుయ్యిమంటాయి. కాయ తన బరువుకి తనే కుంగినట్టయితే అయిపోయినట్టు.

తీసి గిన్నెలో పెట్టి అయిదు నిమిషాలు మూతేస్తారు. తర్వాత చేతులు తడి చేసుకుంటూ తోలు వలుస్తారు. కుళాయి కింద పెట్టి కడగడానికి ఆవిడ ఒప్పుకోరు. కడిగితే కాలిన వాసనంతా నీళ్లలో పోతుంది, అంత శ్రమ దేనికి మరి? అక్కడక్కడా నల్ల పొక్కు మిగిలితే మిగలనివ్వండి.

గ్యాస్ పొయ్యి మీద నేరుగా మంటలో పెట్టినా పన్నెండు నిమిషాల్లో కాలుతుంది. వాసన కొంత తగ్గుతుంది గానీ పర్వాలేదు. ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు పడుతుంది. గుజ్జు మెత్తగా వస్తుంది, కాని పొగ వాసన ఉండదు. వంకాయ వరకూ ఓవెన్ నాకు ఇష్టం లేదు. మంటే మంచిది.

గుజ్జు మెదిపి పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, చింతపండు రసం, కాస్త బెల్లం వేస్తే పచ్చిపులుసు. పెరుగు వేసి పోపు పెడితే పెరుగు పచ్చడి. ఒక్క కాయతో నలుగురికి సరిపోతుంది. పప్పు గట్టిగా చేసిన రోజు పచ్చిపులుసు, పులుసు చేసిన రోజు పెరుగు పచ్చడి పెట్టండి.

కంద

మా వైపు కొబ్బరి తోటల్లో, అరటి తోటల్లో అంతరపంటగా కంద వేస్తారు. గోదావరి లంక నేలల్లో ఊరిన కంద సంగతి చెప్పక్కర్లేదు. అందరూ కంద అనగానే కందబచ్చలి అంటారు. ఆవ పెట్టిన కందబచ్చలి ముందు ఏదీ నిలవదు, నిజమే. కాని పక్కకూరగా, పప్పుచారులో నంజుకోవడానికి కాల్చిన కంద అంత బాగుంటుందని చాలామందికి తెలియదు.

భయం దురద గురించే. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదిలాంటి పలుకులుగా ఉంటుంది, గొంతులో గుచ్చుకునేది అదే. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకానికి ఈ దురద బాగా తక్కువ. కొనేటప్పుడు రకం అడగండి. అప్పుడే తవ్వి తెచ్చినదానికంటే కొన్ని వారాలు నిలవున్న కంద మేలు. చేతులకి నూనె రాసుకుని చెక్కు తీయండి. అరంగుళం మందాన పలకలుగా కోసి, పసుపు, చింతపండు రసం వేసిన నీళ్లలో ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించండి. కత్తి దిగాలి, పలక విరగకూడదు. వార్చి గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టండి. ఈ ఆరబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. తడి పలక ట్రేలో పెడితే మొదటి పావుగంట ఆ తడి ఆరడానికే సరిపోతుంది.

తర్వాత నూనె, ఉప్పు, కారం, కొంచెం బియ్యప్పిండి పట్టించి, 210 డిగ్రీల్లో అరగంట. పెనం మీదైతే సన్న మంట మీద ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు. పైన పెళుసుగా, లోపల వెన్నలా వస్తుంది. నాకు తెలిసి ఓవెన్ పెట్టుకున్నందుకు ఫలితం బాగా కనిపించేది కందలోనే. పది మందికి ఒకేసారి, అన్ని పలకలూ ఒకే రంగులో వస్తాయి.

మిగతావి

చేమదుంపలు కుక్కర్లో ఒక్క విజిల్‌కి దించేయండి. పూర్తిగా చల్లారాకే తొక్క తీయండి, జిగురు అణుగుతుంది. దుంపని అరచేత్తో కొద్దిగా నొక్కి బిళ్లలా చేసి కందలాగే కాల్చండి. కాస్త వాము నలిపి వేస్తే అరుగుదలకి మంచిదని మా అమ్మ తప్పకుండా వేసేది. పిల్లలు కందకంటే దీన్నే ఇష్టంగా తింటారు.

అరటికాయకి కూర అరటి, అంటే బొంత రకం ఎంచుకోండి. రావులపాలెం అరటి మార్కెట్ యార్డు చుట్టుపక్కల ఊళ్లలో కాయకి కొదవ లేదు. తొక్కతో సహా నిప్పుల్లోనో, గ్యాస్ మంట మీదో నల్లగా కాల్చి, తొక్క ఒలిచి, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, జీలకర్ర నూరిన ముద్ద కలిపి నిమ్మరసం పిండండి. పోపు పెట్టినా పెట్టకపోయినా బాగుంటుంది. పది నిమిషాల పని. ముక్కలుగా కోసి వేయించాలంటే మాత్రం కోసినవి కోసినట్టు మజ్జిగ నీళ్లలో వేయండి, నల్లబడవు.

చిలగడదుంప పిల్లలున్న ఇంటికి. నిలువు ముక్కలు, నూనె, మిరియాల పొడి, ఉప్పు, 200 డిగ్రీల్లో అరగంట. తీపి కాబట్టి పులుపున్న పులుసు పక్కనే బాగుంటుంది, ముద్దపప్పు పక్కన నప్పదు.

బెండకాయ కడిగి గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఆరాక తరగండి. మూత పెట్టకండి, ఉప్పు ఆఖరున వేయండి. ఉప్పు ముందు పడితే నీరు ఊరుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే 180 డిగ్రీల్లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు.

కాలీఫ్లవర్, క్యారెట్ చలికాలంలో మా సంతల్లోకి బాగా వస్తాయి. చపాతీలు చేసుకునే రాత్రి రెండూ కలిపి 220 డిగ్రీల్లో పాతిక నిమిషాలు కాలిస్తే సరిపోతుంది. పువ్వుని ముందు ఉప్పు వేసిన వేడినీళ్లలో ఉంచి తీసి, బాగా ఆరబెట్టాలి.

పొడులు ఎప్పుడు వేయాలి

ఇది రాయకపోతే పై కష్టమంతా వృథా అవుతుంది. ఎండుకొబ్బరి కారం, వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, నువ్వుల పొడి ఏదైనా సరే, ఓవెన్‌లోకి పంపకండి. 200 డిగ్రీల్లో వెల్లుల్లి అయిదు నిమిషాలకే చేదెక్కుతుంది, కొబ్బరి మాడుతుంది. ట్రే బయటికి తీశాక, ముక్క వేడిగా ఉండగానే పైన చల్లి కలపండి. ఆ వేడికే పొడి పచ్చివాసన పోయి ముక్కని పట్టుకుంటుంది. మూకుట్లో అయితే పొయ్యి కట్టేసిన తర్వాత.

దొండకాయకి కొబ్బరి కారం, కందకి నువ్వుల పొడి, కాకరకి వెల్లుల్లి కారం, చేమదుంపకి మిరియాలు. ఇవి మా ఇంటి జతలు.

ఇప్పుడు ఎంచుకోండి

నలుగురున్నారు, ఒకేసారి తింటారు, పప్పు చేశారు అంటే మూకుట్లో బెండకాయో కాకరకాయో వేయించండి. అన్నం వార్చి ఆకులు వేసేటప్పుడు పొయ్యి ఎక్కించండి, ముందు కాదు.

మాలాగా విడతలుగా తినే ఇల్లయితే వారంలో మూడు రోజులు దుంపలు, ఒక రోజు కాల్చిన వంకాయ, ఒక రోజు దొండకాయ చేసుకుంటే ఎవరి కంచంలోనూ మెత్తబడిన వేపుడు పడదు.

చుట్టాలొచ్చారు, పది మంది దాటారు అంటే ఒకే కూర ఎక్కువగా చేసే బదులు ఓవెన్‌లో కంద, పక్కన గ్యాస్ మీద వంకాయ పచ్చిపులుసు పెట్టుకోండి. కంద సాయంత్రం ఆరింటికే ఉడికించి ఆరబెట్టి ఉంచుకోవచ్చు. వంకాయ మధ్యాహ్నమే కాల్చి పెట్టుకోవచ్చు. ఆడపడుచు వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు నేను ఇదే చేశాను. భోజనాల వేళకి నా చేతిలో పనేమీ మిగల్లేదు. వాళ్లతో పాటే కూర్చుని తిన్నాను.

పెద్దవాళ్లకి పళ్ల ఇబ్బంది ఉంటే కరకరలాడే వాటిని మర్చిపోండి. కాల్చిన అరటికాయ ముద్ద, వంకాయ, మెత్తటి చిలగడదుంప చాలు. మావయ్యగారికి కంద పలక అంచులు గట్టిగా తగులుతాయని నాలుగు పలకలు విడిగా, పెద్ద మందాన కోసి, ట్రేలో మధ్యలో పెడతాను. మధ్యలో వేడి కాస్త తక్కువ తగిలి మెత్తగా ఉంటాయి.

మిగిలిపోయిన కంద, చేమదుంప ముక్కల్ని మర్నాడు మళ్లీ వేయించకండి, గట్టిపడతాయి. మజ్జిగ పులుసు దించే ముందు అందులో వేసి ఒక పొంగు రానివ్వండి. కాలిన అంచుల వాసన పులుసుకి పడుతుంది. మా పిల్లలు ఆ ముక్కల కోసం గిన్నెలో గరిటెతో వెతుకుతారు.